సున్నం చుక్క

సొహార్‌లో ఆగస్టు. ఈ గదిలో మాత్రం
ప్లేటు మంచుముక్కలా ఉంటుంది,
ఆనుకున్న ప్రతి ఛాతీ ఒకసారి ఉలిక్కిపడుతుంది.

పొద్దున్నుంచి ముప్పై ఎనిమిది మంది.
ఖుద్ నఫస్. సాఁస్ రోకో. శ్వాసం పిడిక్కూ.
మూడు భాషల్లో ఊపిరి ఆపించడం వచ్చేసింది,
పాఠ్యపుస్తకమే ఇంకా మూడో అధ్యాయం దాటలేదు.

మూడో అధ్యాయం: దేహం ఎదురుతిరగడం.
ఎరుపు, వేడి, వాపు, నొప్పి.
గుర్తుకొక మార్కు.
"వీటిలో ఫిల్ము మీద కనబడేదేది?" అన్నాడు హమూద్ సార్.
ఎవరం మాట్లాడలేదు.
"వాపొక్కటే. అదీ అదృష్టముంటే.
నొప్పికి తెలుపూ లేదు, నలుపూ లేదు, రాసుకోండి."
రాసుకున్నాం.

ముప్పై తొమ్మిదో కార్డు: పొలాస రాజలింగు, కోరుట్ల.
మూడు భాషలూ పక్కన పెట్టి
"గాలి గట్టిగ పీల్చి ఆపన్నా" అన్నాను మైకులో.
గోడ మాట్లాడినట్టు వెనక్కి తిరిగి చూశాడు.
మళ్ళీ ప్లేటుకు ఆనుకున్నాడు,
గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకు తోసి.

తెర మీద పక్కటెముకలు, గుండె నీడ,
గాలి నిండిన రెండు నల్లరేగడి చెలకలు.
కుడివైపు పైన, జత్రుక కింద,
శనగగింజంత తెలుపు.

ఎప్పుడో ఏదో లోపలికొచ్చింది.
చంపలేక, తరమలేక
కణాలు దాని చుట్టూ గోడ కట్టాయి,
ఏళ్ళ తరబడి సున్నం మెత్తాయి.
కార్డులో వృత్తి దగ్గర: తాపీ మేస్త్రీ.
నవ్వబోయి ఆగాను.

గోడ లోపల ఇంకా ఎవరైనా బతికున్నారా?
ఒక్క ఫిల్ము చెప్పదు.
పాతది పక్కన పెట్టి చూడాలంటుంది పుస్తకం.
పాతది, ఉంటే, కోరుట్లలో ఉంటుంది.
పగిలిన కిటికీకి అడ్డం పెట్టారో,
గ్రహణం చూడ్డానికి పిల్లలు ముక్కలు చేసుకున్నారో.
ఇక్కడి ఫారంలో గళ్ళు రెండే,
మానిపోయిన గాయానికి మూడోది గీయలేదు.
ఆ రెండింటిలో టిక్కు పెట్టేది కూడా నేను కాదు,
పై అంతస్తులో ఎవరో.

గది మరీ నిశ్శబ్దంగా ఉంది.
అద్దంలోంచి చూశాను.
గడ్డం అలాగే పైకెత్తి, మెడ నరాలు తేలి,
ఆయన ఇంకా బిగబట్టే ఉన్నాడు.
వదలమని నేను చెప్పలేదు.

"అన్నా, అన్నా, వదిలెయ్."

గోడకు చెయ్యి ఆనించి కాసేపు దగ్గాడు.
చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటూ
"ఫోటో మంచిగ వచ్చిందా?" అన్నాడు.

వచ్చిందన్నా.
నువ్వు అసలు కదల్లేదు.