పలక తాగింది

దిండి రేవుకి ఈవల, వశిష్ట వంపు తిరిగే చోట
రిసార్టు వాళ్ల వసారా ఒకటి నీళ్ల మీదకి చాచి ఉంటుంది.
చెక్క అంటారు. చెక్క కాదు.
రంపపు పొట్టూ, కరిగించిన పాల సంచులూ కలిపి
అచ్చులో పోసి, పైన కొయ్య గీతలు నొక్కిన పలకలు.
కాంపోజిట్ డెక్కు, అంటారు మేనేజరు రామభద్రరాజు గారు,
ఏ అక్షరాన్నీ నొప్పించకుండా.
లోవతల్లి మాత్రం కంపోస్టు డెక్కంటుంది.
నాకు అదే బాగుంది.

శ్రావణం దాటాక చూడాలి దాని మొహం.
కొబ్బరి మట్టలు కార్చిన గోధుమ చారలు,
నీడ పడ్డ మూలల్లో మశూచి పోసినట్టు నల్ల బూజు,
రొయ్యల ఇగురు ఒలికిన చోట నూనె మచ్చ.
కుళ్లదు, చెద పట్టదు, పాతికేళ్లు చూసుకోనక్కర్లేదని
కాగితంలో రాసుందంట.
బూజుకి చదువు రాదు కదండి.

ముందు సందులు గీకాలి.
రెండు పలకల మధ్య వేలు పట్టని చోటులోంచి
సరుగుడు పుల్లలు, సగం జీడిపప్పు, జడపిన్ను,
ఎవరి చంటిదో, వెండి మువ్వ ఒకటి.
ఆఫీసులో ఇస్తానని కొంగున ముడేసింది లోవతల్లి.
ఇచ్చింది కూడా. అక్కడ డ్రాయరులో
అలాంటివి డబ్బాడున్నాయంట, అడిగినోళ్లు లేక.
చివర్న ఒక పీత వచ్చింది, కోపంగా,
చెప్పకుండా ఇల్లు ఊడుస్తున్నామని.

తరవాత సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు.
గీతల వెంబడే రుద్దాలి.
ప్రెషరు గన్ను వద్దన్నాను. పోయినేడు ఎవరో పెట్టారు,
ఆ పలక ఇప్పటికీ పిల్లి గీరినట్టే ఉంది.

మా అయ్య తాళ్లరేవులో నావలకి సందులు పూడ్చేవాడు.
దూది పేని, గుగ్గిలం చేపనూనెలో కాచి
ఠక్కు ఠక్కుమని ఉలితో దిగ్గొట్టేవాడు.
"చెవి ఆనించు, ఎక్కడ నొప్పో అదే చెప్తుంది" అనేవాడు.
ఎవరూ చూడకుండా నేనూ ఆనించాను ఈ డెక్కుకి.
ఖాళీ బకెట్టు మోగినట్టు మోగింది.
ఆయన పని గోదారిని లోపలికి రానివ్వకపోవడం,
నా పని కోడి పలావుని లోపలికి పోనివ్వకపోవడం.
కూలి ఒకటే. వాసనలు వేరు.

రెండ్రోజులు ఆరాలి.
ఈ గాలికి ఏది ఆరుతుంది చెప్పండి?
డబ్బాలో ఉప్పే నీళ్లొదిలేస్తుంది.
శనివారం భీమవరం నించి పుట్టినరోజు పార్టీ ఉంది.
రాజు గారు గడియారం చూస్తారు, నేను మబ్బు చూస్తాను.
"పొడిగానే ఉందిగా, పూసెయ్."
తడి మీద పూస్తే ఆ తడి లోపలే ఉండిపోద్దండి,
ఆయ్, వారానికి పొలుసు లేస్తుంది.

వేలు ముంచి పలక మీద ఒక చుక్క పెట్టాను.
గుండ్రంగా నిలబడితే దానికేం అక్కర్లేదని లెక్క.
ముగ్గురం వంగి చూస్తున్నాం.
చుక్క కాసేపు కూర్చుంది.
తరవాత అంచులు వదిలేసి
మెల్లిగా నల్లబడి
పలకలోకి దిగిపోయింది.

తాగింది.

ప్లాస్టిక్కు తాగదు.
ఏ అడవి కలపదో, ఏ మిల్లులో రాలిందో ఆ పొట్టు,
అంత కాచి అంత కలిపేసినా
దాహం మాత్రం మర్చిపోలేదు.
మా అయ్య చెవికైతే వినపడేదేమో.

రాజు గారు ఏమీ అనలేదు.
పార్టీని లాన్లోకి మార్చారు.

మంగళవారానికి గాని ఎండ నిలవలేదు. రోలరు పట్టాం.
పల్చగా ఒక్కటే పూత, ఎక్కువైన చోట గుడ్డతో తీసేస్తూ.
మర్నాడు మళ్లీ చుక్క పెడితే
సగ్గుబియ్యం గింజలా నిలబడింది.
ఇంక తాగదు.
పని బాగా అయిందన్నారు. అయింది.

పూత పూసిన సాయంత్రమే, చెప్పడం మర్చిపోయాను,
చేతులు కడుక్కుందామని రేవులో దిగాను.
దోసిట్లోకి తీసుకున్న వశిష్ట
చేమాకు మీంచి జారినట్టు జారిపోయింది.
ఒక్క చుక్కా అరచేతికి అంటలేదు.
మళ్లీ ముంచాను. మళ్లీ.

"కిరసనాయిలు పెట్టి రుద్దుకో, పోద్ది,"
అంది లోవతల్లి గట్టు మీంచి, చెప్పులేసుకుంటూ.
"లేపోతే అన్నమెలా కలుపుకుంటావు?"