మూత

బితుంగ్ బజారులో పేరు లేని కెమెరా కొన్నాను,
మూడు బస్తాల బియ్యం ఖరీదు.
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.
ముప్పై మీటర్ల లోతు దాకా భయం లేదని
డబ్బా మీద రాసి ఉంది.
డబ్బా ఎప్పుడైనా మునిగిందా?

ఖాళీ తొడుగులో కాగితం రుమాలు మడిచి పెట్టి
రాయి కట్టి తాడుతో దించాను ముందు.
పైకి లాగితే రుమాలు పొడిగానే ఉంది.
మర్నాడు మళ్ళీ దించాను.
మూడు బస్తాలు కదా.

లెంబె జలసంధిలో నేను గైడుని,
నీళ్ళ అడుగున వేలు పెట్టి చూపించే ఉద్యోగం.
టూరిస్టుల కెమెరాలకి అటో దీపం, ఇటో దీపం,
ఎండ్రకాయల్లా దిగుతాయి.
నల్ల ఇసకలో గోరంత రొయ్యని చూపిస్తే
దాని ముందు అరగంట మోకరిల్లుతారు.
నేను వెనక ఉండి వాళ్ళ గాలి లెక్కపెడతాను.

సెలవు రోజున నా గాలి నాది.

నీళ్ళు అన్నిటికన్నా ముందు ఎరుపుని తింటాయి.
ఒకసారి లోతులో వేలు తెగితే
నా నెత్తురు ఆకుపచ్చగా కారింది.
అందుకని చెల్లెలి మిఠాయి మీది ఎర్ర కాగితం కత్తిరించి
అద్దానికి అతికించాను.
సముద్రం కాస్త సిగ్గుపడింది.

పన్నెండు మీటర్లు దాటాక మీటలు అతుక్కుపోతాయి,
నొక్కినా పలకవు.
పడవ మీదే నొక్కి దూకేస్తాను.
పడవ అంచు, నా బొటనవేలు, నా బుడగలు,
నా కాలి రెక్క లేపిన దుమ్ము,
అన్నీ మింగుతుంది.
నేను చూడనివి కూడా చూస్తుంది, చవకది.

దీనికి జూమ్ లేదు. దగ్గరికి వెళ్ళడమే జూమ్.
మోచేతులు డొక్కలకి ఆనించి
నిండు పులుసు గిన్నె మోస్తున్నట్టు వెళ్ళాలి.

ఆ రాత్రి ఆల్చె పిన్ని వెల్లుల్లి వలుస్తూ
నా ఫోనులో చూసింది.
సీసా మూతలు. టైరు. తెగిన చెప్పు.
"దీనికోసమా విమానాలెక్కి వస్తున్నారు?"
కాసేపటికి వెల్లుల్లి వేలు తెర మీద పెట్టింది.
"ఆపు. వెనక్కి పోనీ."

నేను తీసింది ఒక పీతని.
దాని వెనక, బొమ్మ అంచున,
నీలం గీతల ఎనామిల్ మగ్గు పక్కకి ఒరిగి ఉంది.
అందులోంచి ఒక కన్ను.

"నా మగ్గు."
పెచ్చు ఊడిన చోటు కూడా చూపించింది.
బాబాయి ఎక్కిన పడవ మీదికి విసిరిందట,
గురి తప్పిందట.
ఏ ఏడో చెప్పలేదు. ఏం గొడవో చెప్పలేదు.

"తెచ్చెయ్యి."
"అందులో ఆక్టోపస్ కాపురం ఉంటోంది పిన్నీ."
"అద్దె ఇస్తోందా?"

పొట్టు ఊది, లేచి,
వంటింటి అరలో చాలాసేపు చప్పుడు చేసింది.
నీలం గీతల మూత తెచ్చి నా ఒళ్ళో పడేసింది.
మగ్గు పోయాక ఇన్నేళ్ళూ
ఏ గిన్నెకీ సరిపోని మూత.
"తలుపు లేని కొంపలో ఎన్నాళ్ళుంటుంది, పాపం" అంది.

ఆదివారం. పద్నాలుగు మీటర్లు.
మూత ఇసకలో పెట్టి మూరెడు వెనక్కి జరిగాను,
ఊపిరి బిగపట్టకుండా, సన్నగా వదులుతూ.
ఒక చెయ్యి వచ్చింది. ఆగింది. ఇంకొకటి.
మూత అంచుని చీకట్లో గొళ్ళెం వెతికినట్టు తడిమాయి.

అప్పుడే కెమెరా మీది చుక్క దీపం ఆరిపోయింది.
చవక బ్యాటరీ, నలభై నిమిషాలు.

పిన్నికి చూపిస్తే సరిగ్గా అక్కడే తెర నల్లబడింది.
"తీసుకుందా?"
"తీసుకుంది" అన్నాను.
"బయట పారేసిందా, లోపలికి లాక్కుందా?"
అడిగింది పిన్ని,
ఇంకా రాని బాబాయి కంచం మీద
గిన్నె బోర్లిస్తూ.