పన్నెండు మైళ్ల కొసరు

కిటికీ అద్దానికి మాట దూరేంత కన్నం ఒకటి,
కింద డబ్బు దూరేంత సందు ఒకటి.
కన్నం కన్నా సందే కాస్త పెద్దది.
పంతొమ్మిదేళ్లుగా వాటికి ఇవతల నా కుర్చీ.
ఆర్కన్సా కొండల్లో మాదో చిన్న కోర్టు.
బుధవారం, అతివేగాల రోజు.

పసుపు చీటీ సందులోంచి లోపలికి తోసింది.
హెమిటీ లాంగ్రిన్. కోళ్ల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
ముప్పై అయిదు బోర్డు దగ్గర నలభై ఏడు.
వేళ్లకి ఫ్యాక్టరీ చలి ఇంకా వదల్లేదు.
ఆ వేళ్లతోనే లెక్కపెట్టింది
చీటీ మీదున్న ఎనభై అయిదు డాలర్లు,
పుస్తకంలో దాచినట్టు మడతల్లేని నోట్లు.

"ఇది జరిమానా మాత్రమే" అన్నాను.
ఆ 'మాత్రమే' నా నోట్లో అరిగిపోయిన గులకరాయి.
"కోర్టు ఖర్చులు ఇంకో నూట నలభై."
"నేను కోర్టు లోపలికే రాలేదు కదా,
మీ కిటికీ దగ్గరే నిలబడ్డాను."
నిజమే.
నా దగ్గర జవాబు లేదు, రబ్బరు స్టాంపు ఉంది.

శనివారం టమాటాల బండి దగ్గర
డజను కొంటే ఒకటి కొసరు వేస్తాడు మా ముసలి ఏమోస్.
కొసరంటే అది. చేతికి రావాలి.
ఇక్కడ కొసరే అసలును మింగి కూర్చుంటుంది.

ఇవాళ పోయిన నిద్రకి ఈ పుస్తకంలో గడి లేదు.
ముప్పయ్యో తారీఖు దాటితే ఆలస్యానికి యాభై,
ఆ పైన లైసెన్సు.
ఫ్యాక్టరీ ఇరవై రెండు మైళ్లు, బస్సు లేదు,
లైసెన్సు లేకుండా పోతే మళ్లీ పసుపు చీటీ,
మళ్లీ నేనే, ఇదే కన్నం.
రెండు నెలలాగి ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం వస్తుంది,
నెలకి ముప్పై ఒకటి ఎక్కువ, మూడేళ్లపాటు.
అందులో నా సంతకం ఉండదు కాబట్టి
నేనది చెప్పకూడదు.
'సలహాలు ఇవ్వరాదు' అని నా కంప్యూటర్ అంచుకే అంటించారు.

"జడ్జిగారిని వాయిదాలు అడగదలుచుకున్నవాళ్లు
ఆ బెంచీ మీద కూర్చుంటారు" అన్నాను,
బెంచీ గురించి మాత్రమే మాట్లాడుతున్నట్టు.
"ఎంతసేపు?"
"పదకొండవచ్చు. ఒంటిగంటవచ్చు."
గోడ గడియారం చూసింది. పన్నెండుకి
చిన్నదాన్ని బడి నుంచి తేవాలట.
ఓపిక కూడా డబ్బున్నవాళ్ల దగ్గరే నిలవుంటుంది.

అడక్కూడదు. అడిగాను.
"ఎందుకంత తొందర?"
"తొందరేం లేదు. తెల్లారింది.
కొండ దిగుతుంటే అద్దం దించాను.
మా దీవిలో అంత వేగం పోతే
మూడో నిమిషానికి సముద్రంలో ఉంటాం.
ఇక్కడ రోడ్డు అయిపోలేదు."
నవ్వింది.
ఆ నవ్వు కన్నంలోంచి దూరి వచ్చింది,
రసీదు ఇవ్వలేదు నేను.

ఆ బోర్డు ఊరికే పాతలేదు, అదీ చెప్పాలి.
ఆ మలుపులో డెల్బర్ట్, సైకిల్ మీద, తొమ్మిదేళ్లవాడు.
గుద్దినవాడిదీ పన్నెండు మైళ్ల కొసరే.
ఆ ఏడాది వాడి తల్లి ఈ కిటికీ దగ్గరికొచ్చి
మరణ పత్రం నకలుకి ఎంతని అడిగింది.
ఆవిడ దగ్గరా తీసుకున్నాను, ఎనిమిది డాలర్లు.
అందుకే ఎవరి పక్షం అని నన్నడగొద్దు.

సాయంత్రం అదే కొండ దిగాను.
ముల్లు ముప్పై అయిదు మీద, కాలు బ్రేకు మీద.
వెనక ట్రక్కువాడు హారన్ మీద హారన్.
మలుపులో డెల్బర్ట్‌కి కట్టిన ప్లాస్టిక్ పూలు
ఎండకి రంగు పోయి ఉన్నాయి.
అవి దాటాక అద్దం దించాను.
లోయంతా కోసిన గడ్డి వాసన.
అటూ ఇటూ చూసి
ఒక్క మైలు, ఒక్కటంటే ఒక్కటే, కొసరు వేసుకున్నాను.

ముప్పయ్యో తారీఖుకి ఇంకా పదిరోజులుంది.