మడతకి వదలని జానెడు

పైపులోకి ఇసుక పోసి వంచాం.
ఇసుక లేకపోతే పైపు వంపు దగ్గర నలుగుతుందని
చెప్పింది మునినరసమ్మే.
ఎక్కడ నేర్చిందో అడగలేదు.
నీళ్ళ డ్రమ్ముకి ఆనించి, ముగ్గురం వేలాడి,
ఒక పూటంతా తొమ్మిది విల్లులు.
ఆనేకల్ అవతల పావెకరం, కౌలుకి,
కంపెనీ మూసేసినప్పుడు చేతిలో పడ్డ డబ్బుతో.

షట్టరుకి తాళం పడిన రోజు
నా మెడలో టేపుంది, జేబులో సుద్దముక్క.
ఇరవై తొమ్మిదేళ్ళు కటింగ్ మాస్టర్ని.
నూటయాభై పొరల గుడ్డ మీద మిషను కత్తి నడిపినా
ఒక్క చంక తేడా రాలేదు.
నేను కోసిన కాలర్లు ఓడలెక్కి పోయేవి,
ఎప్పుడూ చూడని మెడల మీదికి.

అందుకే షీటు కొలత నాకొదిలేశారు.
తొమ్మిది విల్లులు, మధ్యన ఎనిమిది సందులు,
సందుకి ఐదడుగులు.
నలభై, అన్నాను గోడౌనువాడితో.
అంత ధీమాగా అన్నాను కనక
వాడూ మారు అడగలేదు.

చాంద్ బేగం సైకిల్ ట్యూబులు చీల్చి
పైపులకి చుట్టింది,
కాలిన ఇనుము షీటుని కొరక్కుండా.
పద్నాలుగేళ్ళు కాజాలు కుట్టిన వేళ్ళు,
ముడి ఎక్కడుందో కనపడనివ్వవు.
గాలి లేని రోజు చూశాం. ఎండెక్కేదాకా ఆగాం.
ఎండకి సాగుతుంది, చల్లబడ్డాక బిగుసుకుంటుంది.
చేతులెత్తిన పిల్లాడికి చొక్కా తొడిగినట్టు
విల్లుల మీదుగా తెల్లగా జారింది.

అప్పుడు అడిగింది చాంద్ బేగం,
చివర కందకంలో నిలబడి:
"ఇక్కడ మట్టిలో పూడ్చాలి కదా మాస్టరూ,
గుడ్డేదీ?"

మడతకి వదల్లేదు నేను.
కొత్త కుర్రాళ్ళకి మొదటి రోజే, స్కేలుతో బల్ల చరిచి
చెప్పే మొదటి మాట అది.
ఈ చివరా ఆ చివరా భూమి తినే గుడ్డ
నా లెక్కలో లేదు.
వాళ్ళిద్దరూ నవ్వారు.
లైనులో ఇన్నేళ్ళూ నవ్వని నవ్వు,
కందకం గట్టున కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ.
నాకు కోపం రావాలి. రాలేదు.

ఏడు విల్లులకి చాలింది షీటు.
రెండు మిగిలాయి, పక్కటెముకల్లా, బయటే.
పీకేద్దామన్నాను.
"ఉండనీ," అంది మునినరసమ్మ.
మర్నాడు ఎక్కణ్ణించో పాత ఫ్లెక్సు మోసుకొచ్చింది,
ఏదో కల్యాణమంటపం ముందు కట్టింది.
విల్లుల మీద పరిస్తే పెళ్ళికూతురు తలకిందులైంది.
కన్నడ అక్షరాలు లోపల్నించి అద్దంలోలా,
పసుపు నీడ.
దాని కింద నాలుగు ఇటుకలు, ఒక పలక.
పలక నా కటింగు టేబులుదే,
సామాను వేలంలో రెండొందలకి పాడుకున్నది.
అంచున ఇంకా సుద్దగీతలున్నాయి,
ఏ సైజువో గుర్తు రావడం లేదు.

మూడో వారం వాన.
లోపల టమాటా నారు మీద
షీటు చెమట బొట్టుబొట్టుగా రాలుతోంది.
మేమిద్దరం పలక మీద సర్దుకున్నాం.
మునినరసమ్మ విల్లు పట్టుకుని నిలబడే ఉంది.
పద్దెనిమిదేళ్ళు నిలబడి ఇస్త్రీ చేసిన మనిషి.
ఆవిరిగొట్టం కింద ఆమె నిలబడ్డ చోట
సిమెంటు నున్నగా మెరిసేది.
"కూచో నరసమ్మా."
"కూచుంటాలే సామీ."
పలక కొసన కూచుంది ఎట్టకేలకి,
చెప్పులు విడవకుండా,
మడమలు నేలకి ఆనకుండా.

ఇంతలో బొమ్మసంద్ర వైపు
ఏ ఫ్యాక్టరీదో సైరన్ మోగింది.
ముగ్గురం లేవబోయి
ఆగాం.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పెళ్ళికూతురి చెవి కమ్మ దగ్గర చిన్న చిల్లు.
చుక్క వెనక చుక్క
నా మోకాలి మీద పడుతోంది.
రేపు దానికో మాసిక వెయ్యాలి.
ఈసారి చుట్టూ
వేలెడు ఎక్కువే కోస్తాను.