అప్పు గీత

మార్చి ముప్పయ్యో తారీఖు, రాత్రి ఎనిమిది.
గుంటూరు మిర్చి యార్డు, రేకుల షెడ్డు.
హమాలీల పరపతి సంఘం సర్వసభ్య సమావేశం
తుమ్ములతో మొదలైంది.

నేను లెక్కల గుమాస్తాని.
నా ఒళ్ళో పుస్తకంలో ఒక గీత ఉంది:
సంఘం అప్పు పన్నెండు లక్షలు దాటరాదు.
ఎవరు గీశారో ఎవరికీ గుర్తులేదు.
ఏటా ఈ రాత్రికి మాత్రం
గీత అందరికీ గుర్తొస్తుంది.

యల్లమంద వర్గం అంది: గీత జరపం.
దానియేలు వర్గం అంది: జరపకపోతే
రేపు మన పరువుని టిక్కీ విప్పి
నడిబజార్లో పోస్తారు.

యల్లమందకి గీత మీద ప్రేమేం లేదు.
ప్రెసిడెంటు కుర్చీ మీద ఉంది.
ఆ సంగతి దానియేలుకి తెలుసు.
దానియేలుకి తెలుసని యల్లమందకి తెలుసు.
ఫ్యాను తిరక్క చెమటలు కక్కుతున్న
నూట నలభై మందికీ తెలుసు.
నిరుడు అవతల వరసలో కూర్చున్నది దానియేలే.
ఇవే మాటలు, ఇదే గొంతు.
నా దగ్గర మినిట్సు ఉన్నాయి.

పదిన్నరకి టీ రెండోసారి వచ్చింది.
ఆ టీ కూడా అప్పే.

అప్పుడు
తొడిమలు తీసే ఆడవాళ్ల వరసలోంచి మస్తానమ్మ లేచింది.
మండే వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ
"అబ్బాయ్, ఆ పుస్తకం వెనక్కి తిప్పు" అంది.

తిప్పాను. చదవమంటే చదివాను.
కాటా మరమ్మతు: ఏకగ్రీవం.
బస్తా మీదపడి నడుము విరిగిన కరీముల్లాకి ఆపరేషను:
ప్రతిపాదించింది యల్లమంద, బలపరిచింది దానియేలు.
మంచినీళ్ల ట్యాంకు: ఏకగ్రీవం, చప్పట్లు.

"చప్పట్లు కూడా రాశావా?"
రాశానమ్మా.

"తిని చెయ్యి కడుక్కున్నాక
ఎసరు పెట్టాలా వద్దా అని తగువేంట్రా?
ఇకనించి ఖర్చుకి లేచిన చెయ్యే
అప్పుకీ లేచినట్టు.
రెండోసారి లెక్కెట్టేది లేదు.
యల్లమందా, నీకు కోపముంటే ఉండనీ.
ఎర్ర సిరాతో రాయించుకో పేజీ నిండా,
నీ వాళ్లకి చూపించుకో.
చెక్కు మాత్రం నల్ల సిరాతో పోద్ది
కరీముల్లా ఆస్పత్రికి."

యల్లమంద చాలాసేపు గడ్డం గీరుకున్నాడు.
ఓడిపోకుండా ఒప్పుకునే దారి
ఇంత వెడల్పుంటుందని అనుకోలేదేమో.
"పేజీన్నర కావాలి" అన్నాడు.
ఇచ్చాం.

ఎర్ర పెన్ను దొరకలేదు.
బస్తాల మీద నంబర్లేసే రంగు తెస్తే
అగ్గిపుల్ల ముంచి రాశాను.
ఆ రెండు పేజీలూ అతుక్కుపోయాయి.
ఇప్పటికీ విడిపోవు.

పన్నెండుకి పది నిమిషాలు.
తర్వాతి అంశం: వానలకి ముందు టార్పాలిన్లు కొనడం.
కావాలన్నవాళ్లు చేతులెత్తండి.

నూట నలభై చేతులు
భుజాల దాకా వచ్చి
అక్కడ ఆగి
ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

పైన రేకు చిల్లులోంచి
ఒక చుక్క కనబడుతోంది.
లెక్కపెట్టడానికి
నేను లేచి నిలబడ్డాను.