సగం ఇటుక

గుడ్డ బరువు ముందు తీసేస్తాను.
ఉత్త గుడ్డ పరిచి మీట నొక్కితే
తక్కెడ సున్నాకి వస్తుంది.
ఆ తరవాతే బిడ్డ.

ఒకటి, ఆరు, నాలుగు, సున్నా.
రాత్రి రెండున్నర.
బయట మెట్రోవాళ్ళు రోడ్డు కోస్తున్నారు.

"యావూరమ్మా?" అన్నాను, అలవాటు కన్నడంలో.
"కోసిగి పక్కన" అంది తెలుగులో.
యావూరుకీ ఏవూరుకీ ఒక్క అక్షరం దూరం.
రైలుకైతే ఒక రాత్రి.

పేరు ఉరుకుందమ్మ.
వయసు ఆధార్‌లో ఒకటి, తను చెప్పేది ఒకటి.
రక్తం ఏడు పాయింట్లు.
తాయి కార్డు లేదు.
ఊళ్ళో ఆశక్క రాసిచ్చిన కార్డు
హెబ్బగోడి షెడ్డులో సూరులో పెట్టిందట,
షెడ్డే పీకేశారు.
"మూడో నెల్లో ఆడికొస్తిమి. ఐదులో సర్జాపురం.
ఏడులో యలహంక.
సూదికి పోతే మీది మా ఏరియా కాదనిరి.
యాడికి పోయినా అదే మాటక్కా."

ఫారంలో ఒక గడి: వలస. అవును, కాదు.
తల్లికి టిక్కు. తండ్రికి టిక్కు.
బిడ్డ వరసలోనూ ఆ గడి ఉంది.
పుట్టి నలభై నిమిషాలు,
కాన్పు గది నుంచి నా బల్ల దాకా పన్నెండు అడుగులు,
ఈ పిల్ల చేసిన ప్రయాణం అంతే.
కాదు అని కొట్టబోయి ఆగాను.

ఈ పుల్లల్లాంటి కాళ్ళలో సర్జాపురం ఉంది.
మేస్త్రీ కేక వినబడి సగంలో వదిలేసిన రొట్టె ఉంది.
నీళ్ళు తాగకపోతే
మరుగు వెతుక్కుంటూ దిగే పని తప్పుతుందని
నాలుగో అంతస్తులో నేర్చుకున్న తెలివి ఉంది.
గుడ్డ బరువు తీసే మీట ఉంది గానీ
దారి బరువు తీసే మీట
ఈ తక్కెడకి పెట్టలేదు ఎవరూ.

మా అవ్వ హిందూపురం నుంచి
మిల్లు పనికొచ్చింది ఈ ఊరికి.
అమ్మను ఎవరూ తూచలేదు,
అరచేతిలో పట్టిందని మాత్రం చెప్పేవాళ్ళు.
నేను మూడు కిలోల రెండొందలు.
ఆ బరువుకి మాకు
ఒక రేషన్ కార్డు, ఒక కుళాయి,
మారని ఒక చిరునామా పట్టాయి.

తిక్కయ్యను గేటు దగ్గరే ఆపేశారు.
"ఎంతుందక్కా?"
కిలో ఆరొందల నలభై.
గాలిలో చెయ్యి చాచి కాసేపు తూచాడు.
"ఇటుక మూడు కిలోలు. అంటే, సగం ఇటుక."
నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.
అతనే మళ్ళీ అన్నాడు:
"సగం ఇటుక పారెయ్యమక్కా.
మూలకొచ్చినప్పుడు అదే కావాల.
అది లేకుంటే గోడకి కట్టు కుదరదు."

పదమూడు రోజులు
రవిక విప్పి, రొమ్ముల మధ్య పిల్లను పెట్టుకుని
పైన నా పాత స్వెటరు కప్పుకుంది ఉరుకుందమ్మ.
ఒక రోజు పదిహేను గ్రాములు.
ఒక రోజు ఏమీ లేదు.
ఒక రోజు తగ్గింది, ఆ రోజు మాట్లాడలేదు నాతో.

ఇవాళ కిలో ఎనిమిదొందల పది.
మేస్త్రీ ఫోన్ చేశాడట, ఇంకో సైటు, హొసూరు వైపు.
మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చాను, పెన్నుతో.
చిరునామా దగ్గరకొచ్చి
సొరుగులో పెన్సిలు వెతుక్కున్నాను.