ఇత్తడి బిళ్ళలు

నేను సినిమా చూడలా.
ఇరవై రెండు దినాలుగా సెకండ్ షో వదిలేటప్పుడు
వేలూరు రోడ్డు టాకీసు స్టాండులో
బిళ్ళ తీసుకోని బండి ఇస్తా ఉండా, అంతే.
కథ మాత్రం కంఠతా వచ్చు,
ముక్కలు ముక్కలుగా,
హెల్మెట్లలోంచి విన్నది.

కళ్ళకి పెట్టె కట్టుకుంటారంట.
కట్టుకుంటే ఇంకో లోకమంట.
ఆ లోకంలో మా కాలమంతా కుప్ప పోసినారంట:
చుట్టుకుపోయిన క్యాసెట్టు, దాంట్లో పెన్సిలు,
మిద్దె మీద యాంటెన్నా తిప్పే పిల్లోడు,
"వచ్చిందా?" "ఇంగ కొంచెం!"
వీటన్నిటి నడుమ ఎవడో దాచిపోయిన
ఒక్క రూపాయి కోసరం
రెండున్నర గంటల పరుగంట.

ఈ రాత్రి మొదట బయటికొచ్చింది
కట్టమంచి లెక్కల సారు జీవరత్నం.
అద్దాలు తుడుచుకుంటా ఉంటే చెమటనుకున్నా.
"గుండె పిండేసినాడప్పా" అని
తన స్కూటరు తాళం పక్క స్కూటరుకి పెట్టినాడు.

ఆ పక్క స్కూటరు మామిడి మండీ గుమాస్తా పళనిది.
"ఏంది సారూ పిండేది?
పాత సామాన్లోడి తోపుడు బండి!
నూటయాభై పెట్టి మా అటక చూసొచ్చినట్టుండాది.
మా అటకే మేలు, ఎలుకలన్నా నిజమైనవి."

"అటక ఎక్కి ఎన్నాళ్ళయింది నువ్వు?" అన్నాడు సారు.
పళని మాట్లాడలా.

ఇంజనీరింగు పిల్లోళ్ళు నలుగురు.
ఒకడికి ఆకాశంలో రైలు పరిగెత్తిన సీను పిచ్చి పిచ్చిగా నచ్చింది.
ఇంకొకడు, "ఆడాల్సినోణ్ణి నేను,
వాడెవడో ఆడతాంటే కూర్చోని చూసేదేందిరా?"
మూడోవాడు మెల్లిగా,
"అది సరే, క్యాసెట్టులో పెన్సిలు ఎందుకురా పెట్టినాడు?"
నాలుగోవాడికీ తెలీదు.

బండ్లు స్టార్టయినాయి గానీ కదల్లా.
పల్పు ఫ్యాక్టరీ వైపు నుంచి తోతాపురి వాసన,
దాంట్లో పెట్రోలు, దాంట్లో ఎవురిదో మల్లెపూలు.
పాతది అన్నంత మాత్రాన మంచిదా అని ఒకరు,
మంచిది కాకుంటే నువ్వెందుకు ఈల వేసినావని ఒకరు.
స్టాండు కాస్తా పంచాయితీ అయింది.

అప్పుడొచ్చింది షమీమ్ టీచరు, దుపట్టా సర్దుకుంటా.
"అంత పెద్ద లోకం కట్టినారే సారూ,
దాంట్లో ఒక్క ఆడపిల్లకన్నా ఆట ఇచ్చినారా?
ఆ కాలంలో మేం లేమా?
గోడకి ఆనుకోని చూస్తా నిలబడింది మేమే గదా."

సారు బండి ఆపేసినాడు.
నేను చిల్లర లెక్క తప్పినా.

ఆ గోడ నాది.

తొంభై ఆరులో గ్రీమ్స్‌పేటలో మూడు మిషన్లు పెట్టినా.
రూపాయికి ఒక బిళ్ళ, బిళ్ళకి మూడు ప్రాణాలు.
పాత్రల పోత పోసే చెంగల్రాయుడి చేత
రెండొందల బిళ్ళలు పోయించినా,
ఒకవైపు చుక్క, అంచున చిన్న నొక్కు.
మిషన్లు పోయినాయి, కేజీల లెక్కన.
బిళ్ళల్ని తూకానికి వెయ్యబుద్ధి కాలా.
అవే ఇప్పుడు బండ్లకి.

సాయంత్రాలు ఒక పాప వచ్చేది,
కిరసనాయిలు డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకోని,
అన్న ఓడిపోయేదాకా గోడకి ఆనుకోని.
తెర వెలుగు ఆ పాప మొగం మీద
ఎరుపూ పచ్చా ఆడతా ఉండేది.
ఒక్క బిళ్ళ ఊరికే ఇచ్చుంటే నా సొమ్మేం పోయేది?
ఇయ్యలా.
ఆడపిల్లోళ్ళు ఆడరని కాదు,
ఆ మాటే నాకు తట్టలా.

ఆ పాపే ఈమెనో కాదో.
ఊర్లో గోడలు తక్కువా, నిలబడినోళ్ళు తక్కువా?

బిళ్ళ ఇయ్యబోయి టీచరు చెయ్యి ఆగింది.
బొటనవేలు నొక్కు మీద ఒకసారి పోయింది,
మళ్ళా పోయింది.
లైటు కింద చుక్క చూసింది.
నన్ను చూసింది.

"పోగొట్టుకున్నానన్నా" అంది, పిడికిలి మూసి.
"పోగొట్టుకుంటే ఇరవై" అన్నా.
ఇరవై ఇచ్చింది.
చీటీ రాసినా: బిళ్ళ పోయినది, ఒకటి.

వాదన మండీ మలుపు దాకా వినబడతానే ఉండింది,
పళని గొంతే పైన.
అందరూ పోయినాక లెక్క పెట్టుకున్నా.
నూట నలభై రెండు.
బాగుందా బాగలేదా అని
నన్నెవురూ అడగలా.